బద్ద కట్టిన చెయ్యి – తొమ్మిదో భాగం

పోయినవారం మనం మేష్టారిని తెర ముందున్న కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీలకు పరదాలు లాగి, చల్లగా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాం. వారం రోజులుగా ఆయన ఆ చీకటి గదిలోనే ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే ఆయన ఉసురు మనకే తగులుతుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కలు. ఈ గోల్ఫ్ మైదానంలో ఇరవై ఆరేళ్ళుగా ఆట నేర్పుతున్న పెద్దమనిషిని అందరూ బద్ద మేష్టారంటారు. ఎవరు నేర్చుకోవడానికొచ్చినా మొదటిరోజే ఎడమ మోచేతి కింద జానెడు పైచిలుకు చెక్కబద్ద ఆనించి, గుడ్డపట్టీ బిగించి కట్టేస్తారు. బంతి కొట్టే కర్రని, అంటే క్లబ్బును, వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమచెయ్యి వెంట్రుకవాసి కూడా వంగకూడదన్నది ఆయన శాసనం. కావాలంటే నా చెయ్యి చూసుకోండి, ఏనాడైనా వంగిందా అని చొక్కా పైకి మడిచి మరీ సవాలు చేస్తారు.

ఆ బద్ద కట్టించుకున్నవాళ్ళందరిలోకీ బాగా ఆడింది ఆయన సొంత మేనకోడలు, అక్క కూతురు. పదిహేడో ఏట మోచెయ్యి నొప్పిగా ఉందని ఆ పిల్ల అంటే, అది నొప్పి కాదు, ఒళ్ళు వంచలేక ఆడుతున్న నాటకమని మేష్టారు నలుగురి ముందూ అనేశారు. రోషానికి పోయి ఆ పిల్ల అదే చేత్తో ఆడింది. మూడు నెలలకి మోచేతిలో ఎముక పెచ్చు ఊడింది. ఆపరేషను అయింది. ఆట పోయింది. ఈనాటికీ ఆమె ఎడమచెయ్యి పూర్తిగా చాపుకోదు. పదకొండేళ్ళ తర్వాత ఇదే మైదానానికి ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగానికి వచ్చింది. వచ్చిన రెండో వారంలోనే, పిచ్చుక అని అందరూ పిలుచుకునే పదహారేళ్ళ శిష్యురాలు బద్ద విప్పుకుని మోచెయ్యి పట్టుకుని ఏడవడం చూసింది. ఎల్లుండి పిచ్చుకకి జట్టు ఎంపిక పోటీ. మేష్టారు బద్ద తీయనంటే తీయనన్నారు. అయితే మీరే ఒకసారి కెమెరా ముందు కొట్టి చూపించండి, మీ చెయ్యి వంగకపోతే నేనింక నోరెత్తను అంది మేనకోడలు. పదిమంది చూస్తున్నారు. మేష్టారు కొట్టక తప్పలేదు.

ఇదిగో, ఆ కొట్టిన దెబ్బే ఇప్పుడు తెర మీద నడవబోతోంది.

గది చిన్నది. సామాన్ల కొట్టు వెనకాల ఉంటుంది. పాత చేతిజోళ్ళ వాసన, రబ్బరు వాసన. ముందు వరసలో మేష్టారు, పక్కన రిటైరైన జడ్జిగారు, వెనక పిచ్చుకా, మరో అయిదారుగురు శిష్యులూ, గోడకానుకుని మైదానం సెక్రటరీ. మేనకోడలు నిలబడే ఉంది. బొమ్మని ఎంత నిదానంగా నడిపించిందంటే, మేష్టారి చొక్కా ముడతలు కూడా ఒక్కొక్కటీ తీరిగ్గా కదులుతున్నాయి.

క్లబ్బు వెనక్కి లేచింది. నడుము ఎత్తు దాకా ఎడమచెయ్యి చక్కగానే ఉంది. వెనక ఎవరో ఊపిరి వదిలారు. భుజం దాటాక మోచెయ్యి సడలింది. క్లబ్బు నెత్తి మీదికి చేరేసరికి, చూడకుండా ఉందామన్నా కుదరనంతగా వంగిపోయింది. అక్కడ బొమ్మ ఆపి మేనకోడలు దాని మీద రెండు గీతలు గీసింది. గీతల మధ్య ఒక అంకె వెలిగింది. ముప్ఫై నాలుగు డిగ్రీలు.

 జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆరేళ్ళుగా బద్ద కట్టించుకుని ఆయన లేపిన బంతుల కన్నా లేపిన మట్టే ఎక్కువ.

"మేష్టారూ, ఆ చెయ్యి మీదేనా?" అన్నారు, కేసు వింటున్నంత మర్యాదగా.

 మేనకోడలు బొమ్మని మళ్ళీ కదిపింది. నడుము ముందు తిరిగింది, దాని వెంట భుజాలు, వాటి వెంట చేతులు. కిందికి దిగుతూ దిగుతూ ఆ వంగిన మోచెయ్యి తనంతట తానే సాగి, బంతిని తాకేవేళకి తిన్నగా అయింది. దాన్ని ఎవరూ బిగించలేదని ఆమె వివరంగా చెప్పింది. తడిబట్టని దులిపేటప్పుడు చెయ్యి ముందు వదులుగానే ఉంటుంది, విసురుకి చివర్లో దానికదే చాపుకుంటుంది, ఇదీ అంతే. మొదటినుంచీ బిగబట్టి ఉంచితే భుజం తిరగదు, బంతిని కొట్టిన అదురంతా పోయి మోచేతిలో కూర్చుంటుంది. కొట్టేవాడికి మాత్రం తన చెయ్యి తిన్నగా ఉన్నట్టే తోస్తుంది, ఎందుకంటే ఆఖరి క్షణంలో లాగినట్టుండే ఆ బిగువే ఒంటికి గుర్తుంటుంది. మేష్టారు తనకి తోచింది నేర్పారే గానీ తను చేసేది నేర్పలేదు.

"కోర్టులో ముప్ఫై ఏళ్ళు ఇలాంటి సాక్షుల్నే చూశాను," అన్నారు జడ్జిగారు. "అబద్ధమాడరు. నిజమూ చెప్పరు."

అందరూ మేష్టారి మొహంకేసి చూశారు. మేష్టారి నోరు కొద్దిగా తెరుచుకుంది. కనుబొమలు పైకి లేచాయి. కుడిచెయ్యి మెల్లగా వెళ్ళి ఎడమ మోచేతిని తడిమింది, ఇన్నాళ్ళూ తనని మోసం చేసింది ఇదేనా అన్నట్టు. చూసినవాళ్ళకి జాలేసింది.

అదంతా నటన.

మీ దగ్గర దాచి లాభం లేదు. ఆ ముప్ఫై నాలుగు డిగ్రీల సంగతి మేష్టారికి ఈ వేళ కొత్తగా తెలిసింది కాదు. పదకొండేళ్ళ కిందట, మేనకోడలి ఆపరేషనైన తొమ్మిదో రోజున, ఈ మైదానంలోనే ఒకరి చేత తన ఆటని చేతి కెమెరాలో తీయించుకుని, ఇదే గదిలో మూలనున్న పాత టీవీలో చూశారు. ఒకసారి కాదు, పన్నెండుసార్లు. అప్పటికి ఈ మైదానం గేటు మీద 'వంగని చెయ్యి, తప్పని గురి' అని బోర్డు కూడా వేయించేశారు. ఆ బోర్డు చూసి జనం పొరుగూళ్ళ నుంచి వస్తున్నారు. రేపు చెబుదాం, ఈ పోటీలు అవనిచ్చి చెబుదాం, అక్క కూతురి చెయ్యి కాస్త నయమయ్యాక చెబుదాం అనుకుంటూ మర్నాడు పొద్దున ఇంకో కొత్త కుర్రాడి చేతికి బద్ద కట్టారు. మొదటి బద్ద కట్టడమే కష్టమైంది. తర్వాతవి వేళ్ళు కట్టుకుంటూ పోయాయి. ఆ క్యాసెట్టు మాత్రం అలమరా కింది అరలో చేతిజోళ్ళ అడుగున ఉండిపోయింది. పారేద్దామని ఎన్నిసార్లు బయటికి తీశారో అన్నిసార్లూ మళ్ళీ అక్కడే పెట్టారు. ఒకప్పుడు నాటకమని పిల్లని అన్న మనిషి ఇవాళ అదే పిల్ల ముందు నాటకమాడుతున్నారు. ఆ సంగతి ఆయనకీ తట్టింది. తట్టి, ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. అయినా కనుబొమలు దించలేదు.

చివరికి ఆయన లేచి నిలబడి, తప్పు నాదే అన్నారు. గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకొక్కటే అసలుది.

పిచ్చుకని దగ్గరికి రమ్మని, ఆమె మోచేతి పట్టీ తన చేతులతో విప్పారు. బద్ద కింద చర్మం తెల్లగా పాలిపోయి, అంచుల వెంట ఎర్రగా కమిలి ఉంది. ఆ గుర్తు ఆయన ఎరిగినదే. ఇంతకు ముందు ఇంకో చేతి మీద చూశారు. పిచ్చుక చెయ్యి ఒకసారి ముడిచి, చాపి, నొప్పి ఉందని చెప్పాలా వద్దా అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది. అలా చూడటం నేర్పింది తనేనని మేష్టారికి తెలుసు. తల దించుకున్నారు.

అందరూ బయటికి నడిచారు. మేనకోడలు పిచ్చుక మోచేతికి మెత్తటి పట్టీ చుట్టి, నొప్పి అనిపిస్తే అక్కడే ఆపెయ్యమని చెప్పి, మూడంటే మూడు బంతులే పెట్టింది. చేతిని గురించి ఆలోచించవద్దని, భుజాలు తిప్పితే చేతులు వాటి వెంట వస్తాయని చెప్పింది. మొదటి బంతి గడ్డి మీదే దొర్లింది. రెండోది పక్కకి పోయింది. మూడోది లేచింది. చప్పుడే వేరుగా వచ్చింది. దూరం గుర్తుకి పాతిన రెండో జెండా దాటి పడేదాకా ఎవరూ రెప్ప వేయలేదు. పిచ్చుక తన చేతిని తనే నమ్మలేనట్టు చూసుకుంది. నొప్పి పుట్టలేదని గొణిగింది. ఆ మాట అంటున్నప్పుడు కూడా మేష్టారు కోప్పడతారేమోనని ఓరకంట చూసింది.

జడ్జిగారు తన బద్ద తానే విప్పుకుని, దుమ్ము దులిపి, రెండు చేతులతో మేష్టారికి అందించారు. ఆరేళ్ళ శిక్ష పూర్తయిందన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాతే అసలు బాధ మొదలైంది. ఒక్కొక్కరే తమ బద్ద విప్పి ఇస్తూ మేష్టారి భుజం తట్టడం మొదలుపెట్టారు. ఈ వయసులో పదిమంది ముందు తప్పొప్పుకోవాలంటే ఎంత గుండె కావాలన్నారు. సెక్రటరీ అయితే ఈ సంగతి మైదానం పత్రికలో మొదటి పేజీలో వేయిస్తానని, పక్కన మేష్టారి ఫొటో కూడా ఉండాలని పట్టుబట్టాడు. ప్రతి మెచ్చుకోలూ చెంపదెబ్బలా తగిలింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. మేష్టారు చేతుల్లో పోగైన బద్దలు పట్టుకుని, కట్టెలు మోసేవాడిలా నిలబడి, అందరికీ తల ఊపారు.

జనం వెళ్ళిపోయారు. చీకటి గదిలో పరదాలు తీయడానికి మేనకోడలు వెనక్కి వెళ్ళింది. బద్దలు ఎక్కడ పెట్టాలో తోచక మేష్టారు కూడా వెనకే వెళ్ళారు.

ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఆమె ఆయన్ని మీరనే అంటోంది. మేష్టారనే పిలుస్తోంది. ఆయన కూడా చనువు తీసుకోలేదు. ఆమె పరదా లాగి, వెలుతురుకేసి చూస్తూనే నెమ్మదిగా అంది.

"మామయ్యా, నీకో మాట చెప్పాలి."

ఎన్నేళ్ళకి విన్న పిలుపు.  మేష్టారు పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడ్డారు.

ఆమె చెప్పుకొచ్చింది. ఆపరేషనయ్యాక చాలాకాలం తన చేతిలోనే లోపముందనుకుందట. అందరి చేతులూ ఓర్చుకున్న బద్దని తన చెయ్యి ఓర్చుకోలేదంటే తన ఎముకే పుచ్చుదనుకుందట. నాటకం అన్న మాట అప్పుడప్పుడూ నిజమే అనిపించేదట. చదువుకున్నాక అది పోయి కోపం వచ్చింది. ఈ ఉద్యోగానికి వచ్చింది కూడా, ఆ తెర ముందు ఆయన్ని కూర్చోబెట్టి తల వంచుకునేలా చేయాలనే. ఇవాళ అదే జరిగింది. తీరా జరిగాక ఆయన మొహం చూస్తే కోపం నిలబడలేదు.

"నీకు తెలియక చేశావు," అంది. "తెలిసి చేసిన తప్పు వేరు. అది నేను క్షమించలేను. ఇది క్షమించగలను. నిన్ను ఇన్నేళ్ళు తిట్టుకున్నందుకు నువ్వే నన్ను క్షమించు మామయ్యా."

మేష్టారికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఎవరో తోస్తున్నారు.  ఆయన చేసిందేమిటో తెలుసా? తల ఊపారు. ఆ క్షమాపణని అలాగే, జేబులో వేసుకున్నట్టు, తీసేసుకున్నారు. తీసుకోగానే అది ఎంత బరువో తెలిసింది.

ఆమె మొహం తేలికపడింది. చిన్నప్పటిలాగే గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. వచ్చే నెల తోటి ఫిజియోథెరపిస్టుల సభలో ఇదే విషయం మీద మాట్లాడుతుందట. మామయ్య గెలుస్తున్న రోజుల్లోని ఆట కూడా పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగుంటుందట. పాత క్యాసెట్లన్నీ ఆ అలమరాలోనే కదా అంటూ, మేకుకి తగిలించి ఉన్న తాళంచెవి తీసుకుంది. గోడ గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అమ్మ వచ్చేలోపు రెండు చూసేద్దామంది.

ఆమె ఎడమచెయ్యి ఎక్కువసేపు స్టీరింగు పట్టలేదు కాబట్టి, రోజూ అయిదింటికి వాళ్ళమ్మే కారు తీసుకొస్తుంది. గేటు బయటే ఆపుతుంది. ఇంజను కూడా ఆపదు. పదకొండేళ్ళుగా అక్క ఆ గేటు లోపల అడుగు పెట్టలేదు. బిడ్డ చెయ్యి పాడుచేసిన తమ్ముడి మీద కోపం చల్లారలేదని మైదానంలో అందరూ అనుకుంటారు. మేష్టారు ఆ మాట ఏనాడూ కాదనలేదు.

అలమరా తలుపు కిర్రుమంది. పై అరలో క్యాసెట్ల వరస ఉంది. ఆమె వాటి మీద రాసినవి చదువుతూ ఒక్కొక్కటే తీసి పెడుతోంది. పై అర అయిపోయింది. కింద కూర్చుని చేతిజోళ్ళ కట్ట పక్కకి జరిపింది. మేష్టారికి ఒక్క క్షణం, లేచి వెళ్ళి తాళంచెవి లాక్కోవాలనిపించింది. ఏదో ఒక వంక చెప్పొచ్చు. ఆ అరలో తేళ్ళున్నాయన్నా నమ్ముతుంది. ఇవాళ ఏం చెప్పినా నమ్ముతుంది. అది తలుచుకోగానే తన మీద తనకే రోత పుట్టింది.

"అమ్మలూ, ఆగు," అన్నారు. "అక్కడ ఇంకోటి ఉంది. అది చూడకముందు నేను చెప్పేది విను."

ఆమె చేతిజోడు పట్టుకునే తిరిగి చూసింది. ఇంకా నవ్వుతూనే ఉంది.

"నాకు తెలుసు," అన్నారు మేష్టారు. "నా చెయ్యి వంగుతుందని నాకు తెలుసు. నువ్వు ఆసుపత్రిలో ఉండగానే తెలిసింది. ఇందాక తెర ముందు నేను చేసిందంతా నటన. నీ క్షమాపణ నాకు చెందదు."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది, రోగిని అడిగినట్టు. ఎప్పుడు, ఎలా, ఎన్నిసార్లు చూశారని. మళ్ళీ మీరులోకి వెళ్ళిపోయింది. ఆయన దేనికీ అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత ఎందరికి బద్ద కట్టారంటే లెక్క పెట్టుకోలేదన్నారు. పిచ్చుక మోచెయ్యి నొప్పి అన్నప్పుడు ఏమనుకున్నారంటే, నువ్వే గుర్తొచ్చావు అన్నారు. గుర్తొచ్చి కూడా కట్టారా అంటే, కట్టానన్నారు. సిగ్గుతో ఆయన గొంతు ఆయనకే వినపడటం లేదు.

"కెమెరా ఎవరు పట్టుకున్నారు?"

ఇంతసేపూ జవాబు చెప్పిన మనిషి అక్కడ ఆగిపోయారు.

"అదొక్కటీ అడక్కమ్మా. తప్పు నాది. అందులో ఇంకెవరి పేరూ వద్దు."

ఆమె మళ్ళీ అర వైపు తిరిగింది. చేతిజోళ్ళ అడుగునుంచి క్యాసెట్టు తీసింది. మీద తేదీ ఉంది, ఆయన చేతిరాతే. మూలనున్న పాత టీవీ దుమ్ము చేత్తోనే తుడిచి, దాని కింది ప్లేయరులోకి క్యాసెట్టు తోసింది. మేష్టారు లేవబోయారు. మళ్ళీ స్టూలు మీదే కూర్చుండిపోయారు.

గీతలు గీతలుగా బొమ్మ వచ్చింది. పదకొండేళ్ళు చిన్నవాడైన మేష్టారు బంతి ముందు నిలబడ్డారు. క్లబ్బు ఎత్తారు. చెయ్యి వంగింది. బంతి ఎగిరిపోయింది. బొమ్మంతా ఒక్కసారి పక్కకి ఒరిగింది. కెమెరా వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"వంగిందిరా తమ్ముడూ. నా బిడ్డది నాటకం కాదు. ఇంకోసారి కొట్టు, సరిగ్గా చూస్తాను."

చిన్నప్పటినుంచీ రోజూ పొద్దున్నే మేనకోడలిని నిద్రలేపిన గొంతు.  బొమ్మలో మేష్టారు కెమెరా వైపు తిరిగి, క్లబ్బు వదిలేసి, దణ్ణం పెడుతున్నారు. నా బతుకు పోతుంది అక్కా అంటున్నారు. పిల్లకి నేనే చెబుతాను, కొన్నాళ్ళు ఓపిక పట్టు, నువ్వు మాత్రం నోరు విప్పకు అంటున్నారు.  కెమెరా వెనకనుంచి ఒకే ఒక్క మాట వినిపించింది, సరే అని. బొమ్మ ఆగిపోయింది.

బయట హారన్ మోగింది. అయిదయింది.

మేనకోడలు కుడిచేత్తో ఎడమ మోచేతిని పట్టుకుని, గీతలు పాకుతున్న ఖాళీ తెరకేసే చూస్తోంది. చివరికి తల తిప్పకుండానే అంది.

"వెళ్ళి ఆవిణ్ణి లోపలికి రమ్మనండి. మీరే పిలవండి."

మేష్టారు బయల్దేరారు. గది నుంచి గేటు దాకా వంద అడుగులుండదు. చేతుల్లో బద్దలు ఇంకా అలాగే ఉన్నాయని సగం దూరం వెళ్ళాక గాని చూసుకోలేదు. వాటిని ఎక్కడా పడెయ్యలేక, మోసుకుంటూనే వెళ్ళారు. బోర్డు కింద కారు ఎప్పట్లాగే గురగురలాడుతూ ఆగి ఉంది. అక్క అద్దం కిందికి దించింది. తమ్ముడి మొహం చూసింది. చేతుల్లో బద్దలు చూసింది. ఆమె మొహంలో రంగు మారింది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ గేటు దాటకపోవడానికి కారణం తమ్ముడి మీద కోపం కాదని, నిజం తెలిసీ బిడ్డ దగ్గర దాచడానికి ఒప్పుకున్న చోటు అదేనని మేష్టారొక్కరికే తెలుసు.

"చెప్పేశావా?" అని అడిగింది అక్క.

ఆయన తల ఊపారు.

"నీ సంగతి చెప్పావా, నా సంగతి కూడానా?"

క్యాసెట్టు చూసేసింది, నిన్ను లోపలికి రమ్మంటోంది అన్నారు మేష్టారు.  అక్క స్టీరింగు వదిలి, చెయ్యి చాపి, ఇంజను ఆపేసింది.